రోజూ పెట్టుకునే వాచీ

చర్మం డాక్టరు నా ఎడమ మణికట్టు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, వాచీ తీసెయ్యమన్నాడు. మా కంపెనీ ఆసుపత్రికి అప్పుడప్పుడు రాయ్‌పూర్ నుంచి వచ్చే డాక్టరు ఆయన. వాచీ వెనక పూత అరిగిపోయి లోపలి లోహం చర్మానికి తగులుతోందనీ, అది నాకు పడటం లేదనీ, ఆ దద్దురూ రసీ అందుకేననీ హిందీలో చెప్పాడు. పూతమందు రాశాడు. మందు సంగతి తర్వాత, ముందు ఇది తియ్యాలి అని మరీ మరీ చెప్పాడు. సరేనన్నాను. మందు తీసుకుని, వాచీ పెట్టుకునే ఇంటికి వచ్చాను.

మర్నాడు కుడిచేతికి మార్చాను. కొన్నాళ్ళకి ఆ చెయ్యీ దురద పెట్టింది. పాత చీర ముక్క మడిచి మణికట్టుకి చుట్టి దాని మీద పెట్టుకున్నాను. నేను గని స్టోర్సులో కౌంటరు దగ్గర కూర్చుంటాను, బూట్లూ గ్లవుజులూ ఇస్తుంటాను. వచ్చిన ప్రతివాడూ చెయ్యి విరిగిందా అని అడగటం మొదలెట్టాడు. ఊరికే పలకరించేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. ఆ గుడ్డా తీసేసి, వాచీ మళ్ళీ ఎడమచేతికే పెట్టుకున్నాను.

అది మా ఆయన వాచీ. పెళ్ళికి మా నాన్న పెట్టింది. గుండ్రటి పెద్ద డయలు, రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. అది నా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఈ బస్తర్ కొండల్లో మా బచేలి గని కాలనీ అలవాటు ఒకటి చెప్పాలి.

మా ఆయన గనిలో ఎలక్ట్రీషియన్. కొండ మీద ఇనుపరాయిని పగలగొట్టే ప్లాంటులో ఆయన పని. కరెంటు పానెళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళ చేతికి లోహం ఉండకూడదు. ఉంగరం, కడియం, వాచీ, ఏదీ పనికిరాదు. అందుకని మగవాళ్ళు డ్యూటీకి బయల్దేరేటప్పుడు గుమ్మంలో వాచీ విప్పి పెళ్ళాం చేతికి ఇచ్చి వెళ్ళేవారు. గూట్లో పెట్టి వెళ్ళచ్చు కదా అంటే వెళ్ళచ్చు. కానీ ఆ రోజుల్లో ఇంటికి అదొక్కటే గడియారం. కుళాయి ఎప్పుడొస్తుందో, స్కూలు బస్సు ఎప్పుడొస్తుందో మేం చూసుకోవాలి. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి చేతికే పెట్టుకునేవాళ్ళం. మా లైను క్వార్టర్లలో అందరూ ఎలక్ట్రికల్ సెక్షను వాళ్ళే. విజయనగరం, శ్రీకాకుళం వైపునుంచి వచ్చినవాళ్ళం. గాజుల పైన ఇంతింత మగవాళ్ళ వాచీలు వేసుకుని బట్టలుతుక్కునేవాళ్ళం. కొత్తగా వచ్చిన హిందీ వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకునేవారు. నవ్వుకోనీ అనుకునేవాళ్ళం.

పోనుపోను అదొక గుర్తు అయిపోయింది. ఆడమనిషి చేతికి వాచీ ఉందంటే మొగుడు డ్యూటీలో ఉన్నట్టు. ఇంట్లోకి వచ్చి కూర్చోవచ్చు, గట్టిగా మాట్లాడుకోవచ్చు, పీట వేసుకుని చింతపండు పిక్కలు తియ్యచ్చు. చేతికి వాచీ లేదంటే మొగుడు ఇంట్లో ఉన్నట్టు. నైటు షిఫ్టు దిగి పడుకుని ఉంటాడు, గుమ్మం దగ్గరే రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోవాలి. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. అందరికీ తెలుసు.

ఆ రోజు ఆయన పొద్దుటి షిఫ్టుకి వెళ్ళారు. వాచీ విప్పి నా చేతిలో పెట్టి, క్యారేజీ అందుకున్నారు. మాటలేం లేవు. రోజూ మాత్రం ఏం ఉండేవి? మధ్యాహ్నం నేను కుళాయి కింద బిందె పెట్టి, నీళ్ళు ఇంకా రాలేదేమిటా అని వాచీ చూసుకుంటున్నాను. జీపులోంచి సెక్షను వాళ్ళు ఇద్దరు దిగారు. గుండె నొప్పి అన్నారు. బిందె అక్కడే వదిలేసి జీపెక్కాను. నేను వెళ్ళేసరికి అయిపోయింది. ఆయన జేబులోవి ఒక గుడ్డసంచిలో వేసి ఇచ్చారు. దువ్వెన, తాళంచెవి, టెస్టరు. వాచీ లేదేం అని నర్సు కంగారుపడింది. నా చెయ్యి చూపించాను. ఏడుస్తానని చుట్టూ ఉన్నవాళ్ళు ఎదురుచూశారు. నేనూ ఎదురుచూశాను. రాలేదు.

పదో రోజున ఆడవాళ్ళు నన్ను కూర్చోబెట్టి గాజులు తీస్తున్నారు. నేను ఎవరి చేతులో చూస్తున్నట్టు చూస్తున్నాను. వాచీ దగ్గరికి వచ్చేసరికి ఎదురు క్వార్టరు అప్ప చెయ్యి ఆగింది. శ్రీకాకుళం మనిషి, ఏ శుభానికైనా అశుభానికైనా మా లైనుకి ఆవిడే పెద్ద. ఆవిడకీ తెలియలేదు.

"ఇది కూడా తీసీయాలేటి?" అంది పక్కవాళ్ళని చూసి.

"మగోడి వాచీ కదప్పా, దానికేటి?" అంది ఒకావిడ.

"మగోడిదే గానీ, మొగుడు డూటీలో ఉన్నోళ్ళు కదేటి పెట్టుకుంటారు?" అంది ఇంకొకావిడ.

వాళ్ళు అలా వాదించుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ పదిరోజుల్లో నాకు ఏదైనా అనిపించిందంటే ఆ కోపం ఒక్కటే.

"నావి తీసుకోండప్పా. ఇది నాది కాదు, ఆయనది," అన్నాను. వాచీ ఉండిపోయింది.

తర్వాత ఆయన ఉద్యోగం బదులు నాకు స్టోర్సులో పని ఇచ్చారు. చిన్న క్వార్టరుకి మారాను. పిల్ల పెద్దదైంది. ఇంటింటికీ గోడ గడియారాలు, చేతికొక ఫోనూ వచ్చాక మా లైను అలవాటు దానంతటదే పోయింది. నేను మాత్రం రోజూ కీ ఇచ్చి పెట్టుకుంటూనే ఉన్నాను. తియ్యటం నాకు చేతకాలేదు. తీస్తే ఆయన ఇంటికి వచ్చేసినట్టు. ఉంచుకుంటే ఇంకా డ్యూటీలో ఉన్నట్టు. ఈ రెండూ కానిదానికి మా దగ్గర గుర్తు లేదు. ఇంకో భయం కూడా ఉండేది. తీసిన రోజున, ఇన్నాళ్ళూ మొద్దుబారి ఉన్నదంతా ఒక్కసారిగా మీద పడుతుందేమోనని. మొద్దుబారి ఉండటం నాకు బాగానే ఉంది. ఉద్యోగం చేసుకోవచ్చు, వండుకోవచ్చు, పిల్లని చదివించుకోవచ్చు. దాన్ని ఎవరైనా కదిపితే నేను ఏమైపోతానో నాకే తెలియదు.

పిల్ల ఇప్పుడు జగదల్‌పూర్‌లో బ్యాంకులో చేస్తోంది. సెలవుకి వచ్చి నా చెయ్యి చూసింది.

"ఛీ ఛీ, ఇదేంటమ్మా? రసి కారుతోంది కదా! డాక్టరు తియ్యమన్నాడా లేదా?"

"అన్నాడు."

"మరి?"

"చూద్దాంలే."

అది నాలాంటిదే, వదలదు. వచ్చే ఆదివారం జగదల్‌పూర్ రమ్మంది. "నీకు ఒక మంచి వాచీ కొంటాను. ఒక్కటే. చాలా మంచిది. ఆఫీసుకీ అదే, పెళ్ళిళ్ళకీ అదే, వానకీ అదే. జిందగీభర్ ఇంకోటి అక్కర్లేకుండా."

"అన్నిటికీ పనికొచ్చేది ఈ లోకంలో స్టీలు గిన్నె ఒక్కటేనే," అన్నాను.

"సరే, స్టీలుదే కొందాం," అంది.

ఆదివారం గీదం మీదుగా బస్సులో వెళ్ళాను. దారంతా నాకు ఏమీ అనిపించలేదు. కిటికీలోంచి సాల చెట్లు చూశాను, కొంచెంసేపు నిద్రపోయాను. అది నన్ను తీసుకెళ్ళిన దుకాణం చూస్తే లోపల అంతా తెల్ల పలకలు, చల్లదనం. మా ఎర్రమట్టి నా చెప్పుల నుంచి ఆ పలకల మీద అచ్చులు వేసింది. చూసి కూడా తుడుచుకోలేదు. ఇంత డబ్బు తీసుకునేవాళ్ళు నేల ఆమాత్రం తుడుచుకోలేరా?

అక్కడ ఉన్న అమ్మాయి బస్తర్ పిల్లే. పక్క అమ్మాయితో వాళ్ళ హల్బీ భాషలో మాట్లాడుతోంది, మాతో హిందీలో. నల్ల మఖమల్ పళ్ళెం ముందు పెట్టి, నా చేతి వాచీ తియ్యమంది. నేను ఖాళీగా ఉన్న కుడిచెయ్యి చాపాను. నా కూతురు నా మొహం చూసింది.

మొదట బంగారు రంగుది తెచ్చింది. మణికట్టు మీద పెళ్ళికూతురిలా ఉంది. మా కొండ దుమ్ము రెండు వారాలు పడితే ఇత్తడి చెంబు అవుతుంది, వద్దన్నాను. తర్వాత తోలు పట్టీది. చూడ్డానికి పెద్దమనిషి తరహాగా ఉంది, నాకూ నచ్చింది. కానీ మా బచేలి వానలకి తోలు బూజు పట్టకుండా ఉండదు. స్టోర్సులో ఏటా బూట్లకి పట్టే బూజు తుడిచేది నేనే. అదీ వద్దన్నాను. చుట్టూ రాళ్ళు పొదిగినది ఒకటి చూపించి చాలా అందంగా ఉంటుందంది.

"దీంతో పప్పు కడగచ్చా?" అని అడిగాను.

ఆ పిల్ల తెల్లబోయింది. నా కూతురు నవ్వు ఆపుకుంటూ, "అమ్మా, ఇలాంటివి ఎవరూ అడగరే," అంది.

"రోజూ పెట్టుకునేది అన్నావు కదా. రోజూ పప్పు కడగనా మరి?"

ఆ తర్వాత నేను నిజంగానే పనిలో పడ్డాను. అంత ఖరీదైన వస్తువుని ఊరికే అందం చూసి తీసుకుంటే బుర్ర లేనట్టే. కీ అక్కర్లేదట, చెయ్యి కదులుతుంటే అదే తిరుగుతుందట ఒకటి. తీసి పెడితే రెండు రోజుల్లో ఆగిపోతుందట. జ్వరం వచ్చి పడుకుంటే దానికీ జ్వరమేనా అన్నాను. బ్యాటరీది చూపించమన్నాను. అద్దం గీతలు పడనిది కావాలన్నాను. అంకెలు కళ్ళజోడు లేకుండా కనపడాలన్నాను. నల్ల డయలు మీద సన్న ముళ్ళు నాకు కనపడలేదు. నీలం బాగుంది గానీ స్టోర్సు లైట్ల కింద అదీ నల్లగానే ఉంటుంది. చివరికి ఆ పిల్లే లోపలికి వెళ్ళి ఒకటి తెచ్చింది. స్టీలు గొలుసు, తెల్ల డయలు, పొడుగు గీతలు, మూలన తారీఖు. ఆడవాళ్ళదంత చిన్నదీ కాదు, మగవాళ్ళదంత పెద్దదీ కాదు. నీళ్ళలో ముంచినా ఏమీ కాదంది. లోపలి పూత గోల లేదు, నా చర్మానికి పడుతుందంది. చెయ్యి తిప్పి చూశాను. పట్టుచీర మీదికీ బాగుంటుంది, కౌంటరు మీదికీ బాగుంటుంది. తప్పు పట్టడానికి ఏం దొరుకుతుందా అని వెతికాను, దొరకలేదు.

"గొలుసు కొంచెం వదులు," అన్నాను.

ఆ పిల్ల ఒక లంకె తీస్తానని వంగింది. అప్పుడు చూశాను, కొత్త వాచీ నా ఎడమచేతికి ఉంది. ఆయనది మఖమల్ పళ్ళెంలో ఉంది. నల్ల డయలు దగ్గరో నీలం డయలు దగ్గరో, నేను ముళ్ళ గురించి వాదిస్తున్నప్పుడు, ఆ పిల్ల ఎప్పుడు తీసిందో తీసేసింది. నేనే చెయ్యి చాపి ఉంటాను. ఏదో మీద పడుతుందని ఇన్నేళ్ళు భయపడ్డాను కదా, ఏమీ పడలేదు. దుకాణం అలాగే ఉంది. నా మణికట్టు మీద పుండు చుట్టూ పాలిపోయిన చర్మం. ఏమిటిది, ఇంతేనా అనుకున్నాను. నా మీద నాకే కొంచెం అసహ్యం వేసింది.

ఆ పిల్ల లంకె తీసి, సరిచేసి, పాత వాచీని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తింది. పిల్లకి మర్యాద తెలుసు.

"యే సర్ కా హై నా, ఆంటీజీ?" అంది, ఇది సారుదే కదా అని. అవునన్నాను. ఇప్పుడు నేను తీసుకున్నది మగవాళ్ళ సైజులో కూడా ఉందనీ, జతగా వస్తుందనీ, సారుకి కూడా ఒకటి చూపించమంటారా అనీ నవ్వుతూ అడిగింది. దాని తప్పేముంది? రోజూ ఎంతమంది జంటలు వస్తారో.

"వో నహీఁ రహే, బేటీ," అన్నాను. ఆయన లేరమ్మా అని.

సంతలో ఉల్లిపాయలు వద్దన్నట్టు వచ్చేసింది ఆ మాట. హిందీ నాకు రేషనుకీ కౌంటరుకీ పనికొచ్చే భాష, అందులో ఏదైనా అనేస్తాను. ఆ పిల్ల నవ్వు ఆగిపోయి, సారీ ఆంటీజీ, సారీ అంటోంది. పరవాలేదన్నాను. పక్కకి చూస్తే నా కూతురు బ్యాగు గుండెలకి పట్టుకుని నన్నే చూస్తోంది. అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్ళలో ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. కాలనీలో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. ఆఫీసు వాళ్ళు వాళ్ళే రాసుకుని సంతకం పెట్టించుకున్నారు. ఆ రోజు స్కూలు నుంచి వచ్చిన నా కూతురికి కూడా ఎవరో పక్కింటివాళ్ళే చెప్పారు. నేను చెప్పలేదు.

దాని వైపు తిరిగాను.

"మీ నాన్న పోయారే," అన్నాను.

అది బ్యాగు కింద పెట్టి, దగ్గరికి వచ్చి, ఇప్పుడే మొదటిసారి వింటున్నట్టు విన్నది.

"అవునమ్మా," అంది. అని ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక నాకూ వచ్చింది.