కాటా మీద ఒట్టు

అమెరికాలో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ల వెనక గోడకి చిన్న గేటు ఉంది. గేటు దాటితే కార్లు ఆపుకునే చోటు, అది దాటితే లక్ష్మీపతి కొట్టు. కారెక్కకుండా నేను వెళ్ళగలిగిన చోటు ఈ ఊళ్ళో అదొక్కటే. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి పోగానే నేనూ బయల్దేరతాను. బియ్యం బస్తాల పక్కన నాకో స్టూలు ఉంది. దానిమీద కూర్చుని కరివేపాకు రెమ్మలు సంచుల్లో సర్దుతాను, వచ్చినవాళ్ళని కదిలిస్తాను. ఆ స్టూలు మీద నేను కూర్చోవడమే గానీ లక్ష్మీపతి కూర్చోగా ఎప్పుడూ చూడలేదు. పొద్దున్న పదింటికి నిలబడ్డాడంటే రాత్రి తాళం వేసేదాకా నిలబడే ఉంటాడు. కాళ్ళు మరీ లాగితే ఫ్రీజరుకి వీపు ఆనించి రెండు నిమిషాలు కళ్ళు మూసుకుంటాడు, అంతే.

ఆ కొట్టుకి యజమానులు ఇద్దరు. లక్ష్మీపతిది నరసరావుపేట, నరసింహది కరీంనగర్. ఇద్దరూ కంప్యూటర్ పనులకి వచ్చి, ఒకే గదిలో ఉండి, ఒకే నెలలో ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళు. మళ్ళీ ఏవో చిన్నా చితకా ఉద్యోగాలు చూసుకుని, గ్రీన్‌కార్డులు చేతికొచ్చాక, రెండువేల నాలుగులో చెరిసగం వేసుకుని కొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టిన రోజున కూరగాయలు తూచే కాటా మీద ఇద్దరూ చేతులు పెట్టి ఒట్టు వేసుకున్నారట, ఇంటి ఖర్చు కొట్టుమీద పడకూడదని. అంతకుమించి వాళ్ళిద్దరి మధ్యా రాసుకున్నది ఏమీ లేదు.

"ఈ వరసలోనే అంతకుముందు మూడు కొట్లు మూతపడ్డాయి పెద్దమ్మా" అని ఒకసారి చెప్పాడు లక్ష్మీపతి. "బేరాల్లేక కాదు. వీడి కారు గ్యాసు, అదే పెట్రోలు, కొట్టు ఖాతాలో, వాడి సెల్‌ఫోను బిల్లు కొట్టు ఖాతాలో. అక్కడ మొదలై కోర్టులో తేలాయి."

నరసింహ సంగతేమో గానీ, ఆ ఒట్టుని లక్ష్మీపతి వ్రతం పట్టినట్టు పట్టాడు. తన కొట్టులో తను టీ తాగితే డబ్బాలో డాలరు వేస్తాడు. వాడిపోయిన తోటకూర కట్ట ఇంటికి తీసుకెళ్ళాలన్నా బిల్లు కొట్టుకుంటాడు. ఆయన భార్య దమయంతి కందిపప్పుకి వస్తే అందరితోపాటు లైన్లో నిలబడుతుంది. ఒకసారి ముందున్న పిల్ల ఎవరో వెనక్కి తిరిగి, "ఆంటీ, మీ షాపే కదా, లైన్లో ఉన్నారేంటి?" అని అడిగింది.

"యజమాని దగ్గర నాకు పలుకుబడి లేదమ్మా" అంది దమయంతి.

అందరం నవ్వాం. లక్ష్మీపతి మటుకు నవ్వకుండా చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. దమయంతి దాన్ని వేళ్ళతో అందుకోలేదు. దోసిలి పట్టింది, ఆయన అందులో పోశాడు. ఆమెకి కీళ్ళవాతం మొదలై అయిదేళ్ళయింది. వేళ్ళు పక్కకి తిరిగిపోతున్నాయి. నెలకి రెండు ఇంజెక్షన్లు పడితేనే పొద్దున్న దువ్వెన పట్టుకోగలదు. ఇన్సూరెన్సు లేకుండా కొంటే ఆ రెండింటికీ పదహారు వందల డాలర్ల పైమాట.

రెండువేల పదకొండు నవంబరులో, గల్లాపెట్టె కింద ఒక కవరు నా కంటబడింది. నాలుగురోజులైనా అది అక్కడే ఉంది.

"ఏమిటయ్యా అది?"

"ఏం లేదు పెద్దమ్మా, బిల్లు."

"బిల్లయితే వచ్చిన రోజే కడతావుగా నువ్వు."

"గల్లాపెట్టె కింద కూడా చూస్తారా మీరు?"

"కౌంటరు తుడుస్తుంటే కనబడింది."

"మీరు ఎప్పుడూ కౌంటరు తుడవలేదు."

"ఇవాళ తుడిచాను. చెప్పు."

కొట్టులో ఎవరూ లేరు. ఫ్రీజరుకి ఆనుకున్నాడు. కళ్ళు మూసుకునే చెప్పాడు. ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్సు నెలకి తొమ్మిది వందల నలభై డాలర్లు కడుతున్నాడు, తన సొంత ఖాతాలోంచి. జనవరి నుంచి అది పదకొండు వందల ఎనభై అవుతుందని ఆ ఉత్తరం.

"ఇంక నావల్ల కాదు పెద్దమ్మా. ఆపేద్దామనుకుంటున్నాను."

"మరి దమయంతి సూదులో?"

"ఓ ఏడాది ఎలాగో నెట్టుకొచ్చి..."

"ఏడాది తర్వాత మళ్ళీ చేర్చుకుంటారా?"

జవాబు నాకూ తెలుసు. ఆ పాలసీ దమయంతి ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసుకున్నది. అప్పటి పద్ధతిలో ఒకసారి బయటికొస్తే, అంత జబ్బు ఉన్న మనిషికి మళ్ళీ తలుపు తీసే కంపెనీ ఉండేది కాదు.

"దమయంతికి చెప్పావా?"

"చెబితే తనే ఆపెయ్యమంటుంది. అందుకే చెప్పలేదు."

ఇంతలో ఎవరో ఇడ్లీ రవ్వ అడుగుతూ వచ్చారు. ఆయన వెళ్ళి తీసిచ్చాడు.

ఆ మరుసటి వారం లక్ష్మీపతికి కొట్టు లెక్కలు చూసే అమ్మాయి దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. పాత అకౌంటెంటు రిటైరయ్యాడు, ఆయన స్థానంలో విజయశ్రీ అని ఒక పిల్ల వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగింది. దారిలో మందుల షాపులో దింపమని నేనూ కారెక్కాను. మందుల షాపు దాటిపోయినా నేను గుర్తుచెయ్యలేదు, ఆయనా అడగలేదు.

విజయశ్రీ నాకు కూడా కుర్చీ వేసి, ఏవేవో అడిగి రాసుకుంది. చివర్లో అడిగింది. "అంకుల్, మీ పర్సనల్ ఖర్చులు ఏమైనా షాప్ అకౌంట్ నుంచి పే చేశారా?"

"ఒక్కటీ లేదమ్మా. ఏడేళ్ళుగా ఒక్క డాలరు లేదు" అన్నాడు లక్ష్మీపతి. పొద్దుటినుంచీ వంగిపోయి ఉన్న మనిషి ఆ మాట అంటున్నప్పుడు నిటారుగా కూర్చున్నాడు.

నా నోరు ఊరుకోలేదు. "ఆ ఇన్సూరెన్సు మాట కూడా అడగవయ్యా."

"అది ఇంటిది పెద్దమ్మా. దీనికీ దానికీ సంబంధం లేదు."

విజయశ్రీ కలం ఆపింది. "ఏ ఇన్సూరెన్స్ అంకుల్?"

చెప్పాడు. ఆ పిల్ల ముఖంలోకి అదోరకం జాలి వచ్చింది.

"షాప్‌కి మీరు పార్ట్‌నర్ కదా. పాలసీ మీ పేరు మీద ఉన్నా పర్లేదు. కానీ మీ జేబులోంచి కట్టేసి ఊరుకుంటే, ట్యాక్స్‌లో తగ్గించుకోడానికి ఉండదు. షాపు ఆ డబ్బు మీకు తిరిగి ఇవ్వాలి. ఇచ్చినట్టు మీ కె-వన్‌లో మీ ఆదాయం కింద చూపించాలి. అప్పుడు మీ సొంత రిటర్న్‌లో ఆ మొత్తం తీసేసుకోవచ్చు." కె-వన్ అంటే ఏమిటని నేను అడిగాను. ఏటా కొట్టులోంచి ఏ భాగస్తుడికి ఏం వచ్చిందో ప్రభుత్వానికి చెప్పే కాగితమట. "మీకు గానీ ఆంటీకి గానీ వేరే జాబ్ నుంచి ఇన్సూరెన్స్ వచ్చే ఛాన్స్ లేదు కదా?"

"లేదు."

"అయితే మీకు ఈ ఇయర్ సెవెంటీన్ హండ్రెడ్ దాకా మిగులుతుంది. నెక్స్ట్ ఇయర్ టూ థౌజండ్ పైనే."

మనసులో లెక్క కట్టుకున్నాను. పెరిగినదాంట్లో ముప్పాతిక వచ్చేసినట్టే. దమయంతి సూదులు నిలబడతాయి.

"మరి పోయిన ఏడేళ్ళవీ?" అన్నాను.

"అప్పుడు షాపు ఇవ్వలేదు కదా అమ్మమ్మగారూ. ఇవ్వనిది ఇచ్చినట్టు నేను ఎలా రాస్తాను?" అని లక్ష్మీపతి వైపు తిరిగింది. "ఈ సంవత్సరానిది మాత్రం డిసెంబర్ లోపల షాప్ చెక్ ఇచ్చేయాలి అంకుల్. నరసింహ అంకుల్ కూడా ఒప్పుకుని ఇద్దరూ రాసుకోవాలి."

"వాడికి నష్టం కదమ్మా."

"లేదు. మీ షేర్‌లోంచే తగ్గేలా రాద్దాం. ఆయనకి ఏం పోదు."

తిరుగుదారిలో సిగ్నలు దగ్గర పచ్చలైటు వెలిగినా కారు కదల్లేదు. వెనకవాళ్ళు హారన్ కొట్టారు.

"ఏడేళ్ళు పెద్దమ్మా" అన్నాడు. "ఏడేళ్ళూ ఆ పాతాయన అదే ప్రశ్న అడిగేవాడు. 'ఒక్కటీ లేదు' అని చెప్పి బయటికొస్తుంటే ఎంత గర్వంగా ఉండేదో!"

ఇక నరసింహతో మాట్లాడతాడనుకున్నాను. మాట్లాడలేదు. డిసెంబరు వచ్చింది. రోజుకోసారి అడిగేదాన్ని. సరుకు దిగాక అనేవాడు, ఆదివారం రద్దీ తగ్గాక అనేవాడు. చివరికి విసిగిపోయి అసలు మాట చెప్పాడు.

"వాడు కాదనడు పెద్దమ్మా. అదే నా బాధ. నాకోసం ఒకసారి అవునన్నాక, రేపు వాడు తన కారు గ్యాసు తెచ్చిపెడితే నేను కాదనలేను. అక్కడితో ఒట్టు పోయినట్టే. ఆ మూడు కొట్లలాగే మాదీ."

"ఒట్టుకోసం పెళ్ళాం చేతులు పోగొట్టుకుంటావా?"

"నాకు ఓపిక లేదు. రేపు మాట్లాడదాం" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన కోప్పడివుంటే నాకు బాగుండేది. కోపానికి కూడా ఓపిక కావాలిగా.

మధ్యాహ్నం నరసింహ వచ్చి గల్లా దగ్గర నిలబడ్డాడు. లక్ష్మీపతి భోజనానికి వెళ్ళాడు. ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పడం నాకూ ఇష్టం ఉండదు. అడగడంలో తప్పేముంది?

"నరసింహా, నీకు ఇన్సూరెన్సు ఎక్కడిది?"

"మా ఆమె బడిల పనిజేస్తది గదా పెద్దమ్మా. అండ్లనే నాది, పిల్లలది."

"మరి లక్ష్మీపతికో?"

నరసింహ ఏదో అనబోయి ఆగిపోయాడు. "ఉంటది గదా ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే?"

"ఏమో. ఎన్నడడగలే" అన్నాడు.

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి వెనక తలుపు తీసివుంది. ఇద్దరూ వ్యానులోంచి ఉల్లిపాయ బస్తాలు దింపుతున్నారు. నన్ను చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

"ఏందివయా, ఇన్సూరెన్స్ ఎంత గడుతున్నవ్?" నరసింహ గొంతు.

"నీకెందుకు?"

"అడుగుతున్న."

"తొమ్మిది వందల నలభై."

"నెలకా!"

"నెలకే."

"ఏడేండ్ల సంది?"

"మొదట్లో నాలుగొందలే ఉండేది."

నరసింహ భుజం మీది బస్తా దింపి దానిమీదే కూలబడ్డాడు. "నాకెందుకు చెప్పకపోతివి?"

"ఇంటి ఖర్చు. నువ్వూ వేశావుగా ఒట్టు."

"ఏసిన. గ్యాసు కోసమేసిన, సెల్‌ఫోను కోసమేసిన. పానం కోసం ఒట్టేస్తరా ఎవలన్న? వదినె చేతులు దినాం జూస్తనే ఉంటి. నాకు బుద్ధి లేదు, అడగలే. నీకు నోరు లేదా?"

లక్ష్మీపతి గోడకి ఆనుకున్నాడు. విజయశ్రీ చెప్పినదంతా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. తన వాటాలోంచే తగ్గుతుందని రెండుసార్లు చెప్పాడు. నరసింహ చేత్తో ఆపాడు.

"అది నాకెందుకు. రాసుకుందాం. పొద్దుమీకి సంతకం బెడత." లేచి బస్తా ఎత్తబోయి మళ్ళీ ఆగాడు. తల గోక్కున్నాడు. "రాసేటప్పుడు... ఇంకోటి గూడ అడగాల్నా ఆ పిల్లను?"

"ఏంటి?"

"ఈ వ్యాను నాదే గదా. వారానికి మూడుసార్లు డాలస్ మార్కెట్‌కు పోతది. గ్యాసు నేనే గొట్టిస్తున్న, ఏడేండ్ల సంది. బండి నాది గదా, ఇంటి ఖర్చే అనుకున్న."

నేను లక్ష్మీపతి ముఖం చూశాను. ఆయన ఇన్నాళ్ళూ భయపడ్డ మాట, అదే గ్యాసు మాట, ఎదురుగా వచ్చి నిలబడింది.

"వ్యాను గ్యాసు నీ జేబులోంచా?" అన్నాడు.

"మరి?"

"కొట్టు సరుకు తెస్తూనా?"

"ఒట్టేసినం గదవయా!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వుతారనుకున్నాను. నవ్వే ఓపిక ఇద్దరికీ లేనట్టుంది. "రాద్దాం. అదీ రాద్దాం" అని లక్ష్మీపతి ఇంకో బస్తా అందుకున్నాడు.

సాయంత్రం విజయశ్రీ పంపిన కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేశారు. వాళ్ళిద్దరి మధ్యా అదే మొదటి కాగితం. కొట్టు చెక్కుబుక్కు తీసి లక్ష్మీపతి తన పేరూ, పదకొండు వేల రెండు వందల ఎనభై అనీ రాశాడు. సంతకం దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయింది. "నువ్వు చెయ్యి. నాకు నేను ఇచ్చుకున్నట్టు ఉంటుంది" అని నరసింహ వైపు తోశాడు. నరసింహ చేశాడు. మర్నాడు లక్ష్మీపతి జనవరి ప్రీమియం పోస్టులో వేస్తుంటే పక్కన నేను ఉన్నాను. కవరు డబ్బాలో పడ్డ చప్పుడు విని మరీ వెనక్కి తిరిగాడు.

ఆ సోమవారం దమయంతి కందిపప్పుకి వచ్చి, ఎప్పటిలాగే లైన్లో నిలబడింది. ఆమె వంతు వచ్చింది.

"ఇన్సూరెన్సు కాగితం రాలేదా ఈ ఏడాది?" అని మెల్లిగా అడిగింది.

"వచ్చింది."

"పెరిగిందా?"

"కొంచెం."

"మానేద్దామండీ అందామనుకున్నాను. సూదులు లేకపోయినా వేణ్ణీళ్ళ కాపడం ఉంది కదా."

"కట్టేశాను" అన్నాడు.

దమయంతి ఆయన్ని ఒక క్షణం చూసి దోసిలి పట్టింది. ఈసారి ఆయన చిల్లర పొయ్యలేదు. ఒక్కొక్క నాణెం తీసి అరచేతిలో పెట్టి, పప్పు సంచీ తానే కారుదాకా మోసుకెళ్ళి వచ్చాడు.

వచ్చి, నేను కరివేపాకు కోసం లేచిన క్షణంలో, నా స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్నట్టు ఆయనకే తెలియలేదేమో. తల గోడకి ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయాడు.

ఎవరో బెండకాయలు పట్టుకొచ్చి కౌంటరు దగ్గర నిలబడ్డారు. కాటా అక్కడే ఉంది, మీరే తూచుకోండమ్మా అన్నాను. నేను నిలబడే కరివేపాకు సర్దాను.