పక్కింటి వాకిట్లో మా కడవ

వీధి చివర ఎవరో ఎండుగడ్డి తగలబెట్టి, దాని మీద నీళ్లు చల్లినట్టున్నారు. ఆ తడిసిన పొగ వాసన కిటికీలోంచి వచ్చేసరికి చేతిలో పని వదిలేసి బయటికి వెళ్లాను. నిప్పు ఆరిందని కళ్లారా చూసుకుంటే గాని నాకు మనసు నిలవదు. ఈవిడకు అన్నీ అనుమానాలేనని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. అనుమానం నాకు అత్తగారింట అబ్బింది. దాన్ని పనికొచ్చేలా వాడుకోవడం మాత్రం ఓబులమ్మత్త నేర్పింది.

కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజుల్లో నేను వేంపల్లె నుంచి నందికొట్కూరు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. మా వీధిలో ఇళ్లన్నీ బోదగడ్డి కప్పిన కొట్టాలే. ఎదురింటి ఓబులమ్మత్తది ఒక్కటే మట్టికప్పు వేసిన మిద్దె. మొగుడు పోయినా సేద్యం తానే దగ్గరుండి చేయించుకునే మనిషి. చుట్టం కాకపోయినా వరస కలిపి అత్తా అనేదాన్ని. ఆ వీధిలో ఒకరినొకరు నమ్మడమన్నదే లేదు. నడిమి గోడ దగ్గర తగాదా వచ్చి మా అత్తకూ పక్కింటి రామక్కకూ మాటలు లేవు. మా కోడి గుడ్డు పెట్టకపోయినా మా అత్త రామక్కనే అనుమానించేది.

ఒక ఎండాకాలం కింది వీధిలో కొట్టం అంటుకుంది. బావికి పోయి నీళ్లు తెచ్చేలోగా బూడిదే మిగిలింది. ఆ తర్వాత ఓబులమ్మత్త మమ్మల్నందరినీ తన అరుగు దగ్గరికి పిలిచి, ఇంటికొక కడవ నీళ్లు ఎప్పుడూ నిండుగా వాకిట్లో ఉండాలని చెప్పింది.

మా అత్త మూతి తిప్పింది. "మిద్దెలో ఉండేదానివి, మా కొట్టాల మీద నీకేం ప్రేమమ్మా?"

"ప్రేమా, పాడా? మీ కొట్టాలంటుకుంటే ఆ రవ్వలొచ్చి పడేది నా గడ్డివామి మీదనే. అదీ కాలిపోతే నా ఎద్దులేం తినల్ల?"

ఆ మాటతో వీధి కుదుటపడింది. మీ మేలు కోరి చెప్తున్నానని అనుంటే ఒక్కరూ నమ్మేవాళ్లు కాదు.

కడవలైతే పెట్టాం గానీ, ఆ నీళ్ల కరువులో నిండు కడవ కళ్లెదుట ఉంటే చేతులు ఊరుకుంటాయా? బర్రెకు దప్పికంటూ ఒకరు, అంట్లు తోమాలంటూ ఒకరు తమ కడవలే వంచేసుకున్నారు. ఓబులమ్మత్త చూసింది, ఎవరినీ తిట్టలేదు. ఎవరి కడవ వాళ్ల వాకిట్లో వద్దని, పక్కింటి వాకిట్లో పెట్టుకోమని చెప్పింది. అలా మా కడవ రామక్క వాకిట్లోకి, రామక్క కడవ మా వాకిట్లోకి చేరాయి.

ఇక మా అత్తకు కంటి మీద కునుకు లేదు. "పోయి చూసి రాపో. మన నీళ్లు ఆయమ్మ బర్రెకు తాపుతాండాదేమో!" నేను వెళ్లి మూత తీసి చూసి, తగ్గితే నింపి వచ్చేదాన్ని. రామక్కా అంతే. పలకరింపు లేకుండా వచ్చి, తన కడవలోకి తొంగిచూసి, పోతూ పోతూ నన్ను చూసే చూపుకు ఒళ్లు మండేది. ఒకరోజు ఉండబట్టలేక ఓబులమ్మత్తతో అన్నాను.

"అత్తా, ఇట్ల దొంగల్ని చూసినట్టు చూసుకుంటా ఎట్ల బతికేది?"

"నమ్మమని నేను యాడ చెప్పినానే? చూసుకోమని చెప్పినా. మీకు నమ్మకాలు కుదిరేదాకా నిప్పు ఆగతాదా?"

నిజం చెప్పాలంటే ఆమె మీదా నాకు అనుమానమే. మాలో మాకు చిచ్చు పెట్టి వేడుక చూస్తోందనుకున్నాను.

మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం, నెలల బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టి, అత్తను చూస్తుండమని చెప్పి బావికి వెళ్లాను. తిరిగి వస్తుంటే మా ఇంటి మీద పొగ. నీళ్లు అక్కడే పారేసి పరుగెత్తాను. గాలి ఈడ్చి కొడుతోంది. బిడ్డ లోపలున్నాడు, బిడ్డ లోపలున్నాడు అన్న మాట తప్ప నాకు వేరే ఏమీ తెలియలేదు. ఇల్లు చేరేసరికి చూరు ఒక పక్క నల్లగా కాలి, నీళ్లు కారుతోంది. వీధి వీధంతా కడవలతో అక్కడే ఉంది. అందరికన్నా ముందు రామక్క. కాళ్ల దగ్గర ఖాళీ కడవ, చంకలో నా కొడుకు.

బిడ్డను నా చేతుల్లో పెట్టి, తగాదా వచ్చాక మా ఇంటి మనిషితో మొదటిసారి మాట్లాడింది. "నా కడవ ఖాళీ అయింది. మీరే నింపి పెట్టల్ల."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. మంట లేచినప్పుడు మా అత్త రామక్క వాకిట్లో మా కడవ మూత తీసి చూస్తోందట. ఆ కడవే ఎత్తుకొచ్చి రెండోదిగా పోసింది. నిప్పు కూడా మా పొయ్యిదే. ఆర్పకుండా పారబోసిన బూడిదలోంచి గాలికి లేచింది. అయినా సాయంత్రానికి మా అత్త తేరుకుని ఓబులమ్మత్త చెవిలో గొణిగింది.

"అందరికంటే ముందు ఆయమ్మకే ఎట్ల తెలిసింది? నిప్పు పెట్టింది ఆయమ్మే కాదు గదా?"

"పొద్దస్తమానం నీ వాకిలి మీదే కన్నేసి కూచునింటే తెలీకుండా ఎట్ల పోతాది? తన నీళ్లు నువ్వు వాడుకుంటావని ఆయమ్మ అనుమానం. ఆ అనుమానమే నీ మనవణ్ణి బయటికి తెచ్చింది, పో."

మా అత్తకూ రామక్కకూ చివరిదాకా మాటలు కలవలేదు. కడవలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి, ఎప్పుడూ నిండుగా.

ఓబులమ్మత్త పోయి చాలా ఏళ్లయింది. ఆ ఉయ్యాలలోని బిడ్డ ఇంట్లోనే, కర్నూలులో ఇప్పుడు నేనుంటున్నాను. ఎండలు ముదరగానే ఒక బకెట్ నిండా నీళ్లు పట్టి, మూత పెట్టి, పక్కింటి గుమ్మం పక్కన పెట్టి వస్తాను. రోజూ వెళ్లి మూత తీసి చూస్తాను. ఆ ఇంటావిడ నన్ను ఎగాదిగా చూస్తుంది. ఈ ముసలిదానికి మా గుమ్మం దగ్గరేం పని అని కాబోలు, ఈమధ్య మా ఇంటి మీద కూడా ఒక కన్నేసి ఉంచుతోంది. నాకు కావలసిందీ అదే.