ట్యాంకు నిండినంకనే చాయ్

మా వీధి ఫైరు బావ పోయాడని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. ఆయన నాకు చుట్టం కాదు. వరంగల్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవాడు. ఆయన భార్యను అక్కా అని పిలిచేవాళ్లం కనుక ఆయన బావ అయ్యాడు. ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం కనుక ఫైరు బావ. కబురు వినగానే నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఆ సిగ్గు సంగతి దాచి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాస్తే అది ఇంకో అబద్ధమే అవుతుంది.

బావకో పట్టుదల ఉండేది. మంటలార్పి ఎంత అలసిపోయి వచ్చినా ముందు బండి ట్యాంకు నిండాలి. "ట్యాంకు నిండినంకనే చాయ్" అనేవాడు. ఇంట్లోనూ అంతే. గేటు దగ్గరి నీళ్ల డ్రమ్ము నిండితే గానీ కప్పు ముట్టేవాడు కాదు. "అక్కా, నీ మొగుడు లగ్గం చేసుకున్నది నిన్ను కాదు, డ్రమ్మును" అని నేను ఏడిపిస్తే, "నువ్వు ఖాళీ డబ్బాలెక్క మోగుతానవ్ బామ్మర్ది, జర నిండుడు నేర్చుకో" అనేవాడు.

తర్వాత నాకు ఒక హోంమంత్రిగారి పేషీలో ఉద్యోగం దొరికింది. పోలీసులూ ఫైర్ స్టేషన్లూ ఆయన కిందివే. మంత్రి మంచివాడే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, ఆ పూజారిని నేను. ఆయన కుర్చీ పొగరంతా నాకెక్కింది.

ఒకసారి మంత్రి హెలికాప్టర్‌లో మా ఊరొచ్చారు. దిగేచోట ఫైరింజన్ ఉండాలి కనుక బావ బండి తెచ్చాడు. మైదానమంతా దుమ్ము. మంత్రి తెల్లబట్టలు పాడవుతాయని, బండిలోని నీళ్లు చల్లమన్నాను.

అందరి ముందు బావ నన్ను సార్ అని పిలిచాడు. "సార్, ఇవి మంటలకు పెట్టుకున్న నీళ్లు. వేరే ట్యాంకర్ పిలిపిద్దాం. జర ఆగుండ్రి."

"హెలికాప్టర్ ఆగుతదా? చల్లు" అన్నాను.

హెలికాప్టర్ ఆలస్యమైంది. ఎండకు నేల ఆరిపోతే మళ్లీ చల్లించాను. ట్యాంకు అడుగంటింది.

మంత్రి దిగి కారెక్కే వేళకు, ఒక పవర్‌లూమ్ షెడ్డు అంటుకుందని కబురొచ్చింది. నేనూ విన్నాను. బావ ఖాళీ బండితో ముందు నీళ్ల కోసం పరుగెత్తి, ఆ తర్వాత మంటల దగ్గరికి పోవాల్సి వచ్చింది. కారులో మంత్రి అద్దం దించి, "ఏందయ్యా ఆ పొగ?" అన్నారు.

"ఎవరో చెత్త కాలవెడ్తాండ్రు సార్" అన్నాను.

నిజం చెబితే ఆయన కారు అటే తిప్పించేవారు. అక్కడ ఖాళీ ట్యాంకు సంగతి బయటపడేది. అందుకే చెప్పలేదు.

ప్రాణాలు పోలేదు. మగ్గాలు మాత్రం ఎక్కించిన నూలుతో సహా బూడిదయ్యాయి. ఆ షెడ్డు ఇద్దరు అన్నదమ్ములది. వాళ్లు మళ్లీ సొంత మగ్గం పెట్టలేకపోయారు, పరాయి షెడ్డులో కూలికి నేశారు. ఇది వాళ్లూ చదవాలనే రాస్తున్నాను.

ఖాళీ బండితో ఎందుకున్నావని విచారణలో బావను అడిగారు. నేను చెప్పింది నోటిమాట, కాగితం లేదు. నా పేరు ఎక్కడ చెబుతాడోనని రోజులు లెక్కబెట్టుకుంటూ తిరిగాను. ఆయన "నాదే పొరపాటు" అని రాసిచ్చాడు. ప్రమోషన్ ఆగిపోయింది. ఏటూరునాగారం అడవుల వైపు బదిలీ చేస్తే అక్కడే రిటైరయ్యాడు. నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఇవేవీ జరిగేవి కావు.

తిరిగొచ్చాక వీధిలో కనబడితే, "మంచిగున్నవా బామ్మర్ది, చాయ్ తాగి పో" అనేవాడు. పని ఉందని తప్పించుకునేవాణ్ణి. ఎన్నిసార్లు పిలిచాడో. ఒక్కసారీ ఆగలేదు.

మొన్న వెళ్లాను. గేటు దగ్గర డ్రమ్ము అంచుదాకా నిండి ఉంది.

"పొద్దుగాల్నే లేచి నింపిండు" అంది అక్క. "నేను చాయ్ పెడ్తాంటె కుర్చీలనే ఒరిగిండు."

ఇక దాచలేకపోయాను. "అక్కా, ఆ రోజు నీళ్లు చల్లమన్నది నేనే."

ఆమె నా వైపు చూడలేదు. "ఎరికే. అప్పుడే చెప్పిండు. ఎందుకు మీదేసుకున్నవంటే, ట్యాంకు నాది, కాదనాల్సింది నేను అన్నడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వొచ్చి చెప్తవని మాత్రం ఎదురుచూసిండు. అందుకే చాయ్‌కు పిలుస్తుండె."

చావు జరిగిన ఇల్లు కదా, ఆ పొద్దున వాకిట్లో ఎవరూ సాన్పి నీళ్లు చల్లలేదు. పాడె వెనక అంతమందిమి నడుస్తుంటే దుమ్ము లేచి నా తెల్లచొక్కా నిండా పడింది. పక్కాయన దులపబోయాడు. ఉండనీ అన్నాను.