మీగడ చెదరని టీ

గడియారాల తాతయ్య కాచే టీలో చెంచా నిలబెడితే ఒరిగేది కాదు. ఆ వాసనకే పక్కింటి పిల్లి వేరే వీధికి కాపురం మార్చేసిందని మేడ మీది దర్జీ చెప్పుకునేవాడు. తాతయ్య ఖాతరు చేసేవాడు కాదు. పెళ్లైన మర్నాటి నుంచీ పొద్దున్నే టీ కాచి భార్య చేతికివ్వడం ఆయన పని. పగలంతా జనం గడియారాల్లో తల దూర్చే మనిషి ఇంటికోసం చేసేది అదొక్కటే.

ఆవిడదీ రోజూ ఒకటే మాట: "అబ్బ, ప్రాణం లేచొచ్చిందండీ." ఆ మాట చెవిన పడ్డాకే ఆయన కొట్టు తెరవడానికి బయల్దేరేవాడు.

చూడ్డానికొచ్చిన కూతురు ఓ ఉదయం, "నాన్నా, టీలో చిటికెడు ఉప్పేస్తే చేదు తగ్గుతుందట" అంది.

"నా టీ చేదని ఎవరన్నారే?"

"ఎవరూ అన్లేదు. ఊరికే వేసి చూడు."

బాగుచేసిన గడియారాన్నైనా పక్కన ఇంకోటి పెట్టి సరిచూడనిదే ఇవ్వని మనిషాయన. రెండు కప్పుల్లో టీ పోసి, ఒకదాంట్లో మాత్రం ఉప్పు కలిపి, ఏది ఏదో చెప్పకుండా భార్యకిచ్చాడు.

"రెండూ తాగి, ఏది తక్కువ చేదో చెప్పు."

ఆవిడ కప్పులతో కిటికీ దగ్గరున్న క్రోటన్ మొక్క పక్కకి వెళ్లి, అటు తిరిగి నిలబడింది. కాసేపటికి, "రెండూ అమృతమేనండీ. కుడిచేతిది ఇంకాస్త..." అంది.

తాతయ్య సంబరంగా వెళ్లి కప్పుల్లోకి తొంగిచూశాడు. జేబులోని చిన్న భూతద్దం కంటికి తగిలించుకుని మళ్లీ చూశాడు. రెండింటి మీదా మీగడ కట్టి ఉంది. ఒక్క ముడత లేదు. అంచున పెదవి తడి లేదు.

"మీగడ చెక్కుచెదరలేదేమే?"

ఆవిడ తల దించుకుంది. "మొదటిరోజు చేదని చెప్పలేకపోయానండీ. రెండోరోజు చెబితే మొదటిరోజుది అబద్ధమైపోతుంది కదా. అలా అలా..."

"మరి నువ్వు టీ ఎక్కడ తాగుతున్నావ్?"

"మేడ మీద. దర్జీ వాళ్లావిడ దగ్గర."

"అంటే ఆ దర్జీగాడికీ తెలుసు!"

"అందుకే నాన్నా, ఉప్పు సంగతి..." కూతురు నాలిక్కరుచుకుంది.

"నీకూ తెలుసన్నమాట. తెలియనిది నాకూ, ఈ మొక్కకీనా?"

"మొక్కకి తెలుసు నాన్నా. రోజూ తాగేది అదేగా."

తాతయ్య నవ్వలేదు. టీ పారబోసినందుకు కాదు ఆయన బాధ. ఇన్నేళ్లూ ఏ మాట పట్టుకుని గడప దాటాడో, ఆ మాట ఉత్తిది.

గిన్నెలోని టీ మళ్లీ మరిగించి, ఉప్పు కలిపి, కప్పు ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇక్కడే, నా ఎదురుగా తాగు."

ఆవిడ ఒక గుక్క మింగి, కప్పు గడ్డం కిందే పట్టుకుంది.

"తగ్గిందా?"

"తగ్గిందండీ. నిజంగా."

ఆ 'నిజంగా' ఇదివరకు ఆవిడ ఎప్పుడూ అనలేదు. తాతయ్య భూతద్దం సరిచేసుకుని ఆవిడ ముఖంలోకి వంగాడు. టీ ఆవిరికి అద్దం మసకబారింది.