పిన్ని పొయ్యిలో నా ఉద్యోగం

ఎనభైల్లో మా సత్తెనపల్లి వైపు కుర్రాళ్లు పులికి భయపడ్డారో లేదో నాకు తెలియదు గానీ (మా పత్తి చేలల్లో పులెక్కడిది లెండి), పురుగుకు భయపడ్డవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. పత్తికాయ విప్పినప్పుడు లోపల మెత్తగా ఏదైనా కదిలితే చాలు, కేక పెట్టి గట్టు మీదకు వచ్చి పడేవాణ్ణి. "వీడు సేద్యానికి పనికిరాడు" అని మా నాన్న చదువుకు పంపాడు. ఆ చదువు నన్ను తీసుకెళ్లి సింగరాయకొండ దగ్గర సరుగుడు తోటల్లో, చెట్లకు పట్టే పురుగుల్ని చూసుకునే టెంపరరీ ఉద్యోగంలో పడేసింది. నా ఖర్మ కాకపోతే ఏమిటి చెప్పండి!

అక్కడ మా సారుకు ఒకటే ధ్యాస, బెరడు తినే పురుగు చలికాలం ఎలా గడుపుతుందా అని. అది మానులో చిన్న కన్నం చేసుకుని పగలంతా అందులో దాక్కుంటుంది. చీకటి పడ్డాక బెరడు కొరకడానికి బయటికొస్తుంది, అదీ ఎవరికీ కనబడకుండా పొట్టునూ రెట్టనూ తన నోటి దారంతో అల్లి పైన పందిరి వేసుకుని మరీ. చెట్టు కొట్టేశాక కూడా ఆ దుంగలో ఉండి చలి దాటుతుందా? అది తేల్చడానికి సారు నాలుగు దుంగలు కోయించారు. "ఆఫీసులో ఉంచితే వాచ్‌మన్ చలిమంట వేసుకుంటాడయ్యా. నీ గదిలో పెట్టుకో. చలి తగ్గాక వచ్చి చూస్తాను. ఇవి బతికుంటేనే నీ ఉద్యోగం పొడిగించమని పైకి రాసేది" అన్నారు.

నేనుండేది మా పిన్ని ఇంట్లో, దుంగల సంగతి ఆవిడకు చెప్పలేదు. మంచం కింద పురుగులు, మంచం మీద నేను. రోజూ చీపురుపుల్లతో కన్నంలో కదిపి చూడాలి. కదిలితే "అమ్మయ్య, బతికుంది" అనుకునేవాణ్ణి, వెంటనే "అమ్మో, బతికుంది!" అని మంచమెక్కేవాణ్ణి. దుప్పటి పది సార్లు దులిపినా ఒళ్లంతా ఏదో పాకుతున్నట్టే ఉండేది. అవి చస్తే ఉద్యోగం పోతుంది, బతికితే నా ప్రాణం పోతుంది.

సారు వస్తానన్న రోజు ఉదయం పెరట్లో పళ్లు తోముకుంటున్నాను. నీళ్లు కాగే పొయ్యిలోంచి పొగ గుప్పున లేచింది.

"పిన్నీ, ఏం కాలుస్తున్నావు?"

"నీ మంచం కింద దుంగలేరా! సారొస్తున్నాడు కదా అని ఇల్లు దులుపుతుంటే కనబడ్డాయి. నిండా చెదలు! ఇంకా నయం, తలుపులకు పాకకముందే చూశా."

ఆ పొట్టు పందిళ్లు చూస్తే ఎవరైనా చెదలనే అనుకుంటారు. బ్రష్షు విసిరేసి పొయ్యి దగ్గరికి ఉరికాను. సగం దుంగలు అప్పటికే నిప్పులైపోయాయి. మిగిలినవాటిని బయటికి లాగుతుంటే సెగ తట్టుకోలేక ఓ పురుగు కన్నంలోంచి తల బయటపెట్టింది. జారితే నిప్పుల్లోనే. అంతే, చెయ్యి పెట్టేశాను! అరచేతిలో అది గిలగిలా కొట్టుకుంటోంది, నేను వీధి వీధంతా వినబడేలా అరుస్తున్నాను. అరుస్తూనే ఇంకోదాన్ని తీశాను, ఇంకా గట్టిగా అరుస్తూ మరోదాన్ని తీశాను.

"ఒరేయ్, చెయ్యి కాలిందేమిట్రా!" అని పిన్ని ఏడుపు.

"కాల్లేదు పిన్నీ, పురుగు!"

"ఓరి నీ దుంపతెగ, పురుగైతే అవతల పారెయ్యరా!"

"పారేస్తే ఉద్యోగం పోద్ది పిన్నీ!"

ఆ కేకలకు, అప్పుడే గుమ్మంలోకి వచ్చిన సారు పెరట్లోకి పరుగెత్తుకొచ్చారు. పిన్ని స్టీలు గిన్నెలో మెల్లగా మెలికలు తిరుగుతున్న పురుగుల్ని చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. "బతికే ఉన్నాయే! ఒట్టి చేత్తో నిప్పుల పక్క నుంచి పురుగుల్ని తీసినవాణ్ణి నా సర్వీసులో చూడలేదయ్యా. నిన్ను ఆఫీసు కుర్చీలో కూర్చోబెడితే పాపం తగులుతుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పురుగుల పనిలోనే ఉండేట్టు రాస్తాను" అన్నారు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అవి ఆనందబాష్పాలని ఆయన చివరిదాకా నమ్మారు, పాపం.

అన్నంత పనీ చేశారు, ఉద్యోగం పర్మినెంటు కూడా అయింది. రిటైరయ్యేదాకా నా బతుకు పురుగులతోనే గడిచింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, గిన్నె పట్టుకుని వణుకుతున్న ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి నాలుగు ధైర్యం మాటలు చెబుదామనీ అనిపిస్తుంది. కానీ ఏం చెప్పను? జీవితమంతా పురుగులు పట్టాను గానీ, ఒక్కదాన్నీ భయపడకుండా పట్టలేదు.