అల్లుడుగారి డబ్బాకు జరీ ముసుగు

ఇప్పుడు ఫోన్లో తీసిన ఫొటో ఎక్కడ దాక్కుంటుందో తీసినవాడికే తెలియదు. ఆ రోజుల్లో మార్కాపురంలోని మా ఇంట్లో ఒక ఫొటో మేడ మీది కంప్యూటర్లోంచి కింది కంప్యూటర్లోకి రావాలంటే, దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని ఒక మనిషి మెట్లు దిగాలి. ఆ మనిషిని నేనే. డిగ్రీ అయిపోయి, బస్టాండు దగ్గరి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరినవాణ్ణి (జీతం తక్కువే గానీ ‘సార్’ అనే పిలుపు మాత్రం రోజంతా వచ్చేది). కింద ముందుగదిలో మా నాయన తన రాతిపలకలు కోసే షెడ్డు బిల్లులు కొట్టుకునే కంప్యూటర్ ఒకటి, మేడ మీద నాది ఒకటి, ఇంజనీరింగ్ చదివే చెల్లెలి ల్యాప్‌టాప్ ఒకటి. వాటిలో దేనికి ఏ జబ్బు చేసినా ఇంటిల్లిపాదీ "వాణ్ణి పిలవండి" అనేవాళ్ళు. ఆ మాట ఇంకోసారి వినడం కోసం నేను మొదటి పిలుపుకు పలికేవాణ్ణి కాదు. ఇంట్లో నాకున్న ఆస్తి అదొక్కటే, ఆ పిలుపు.

మా అక్క పెళ్ళి దాన్ని లాక్కుపోయింది. పెళ్ళికొడుకు గిద్దలూరులో కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసు చూసుకునేవాడు. మనిషి నెమ్మది, నవ్వు ముఖం, ఎవరినీ ఒక్క మాట అనడు. అలాంటివాడి మీద అసూయపడటం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుస్తుంది, పట్టుకోవడానికి ఒక్క తప్పూ దొరకదు. పెళ్ళయ్యాక మొదటిసారి అత్తారింటికి వస్తూ ఆ బావ మా అమ్మకు చీర, నాయనకు పంచెలచాపు తెచ్చాడు. వాటితోపాటు ఒక అట్టపెట్టె కూడా తెచ్చాడు. అందులోంచి తెల్లగా, నున్నగా ఒక డబ్బా బయటికి తీసి హాల్లో బల్ల మీద పెట్టాడు.

"మామా, ఇంట్లో కంప్యూటర్లన్నీ వైరుతో దీనికి కలిపితే చాలు. పెళ్ళి ఫొటోలు, మీ బిల్లులు అన్నీ ఇందులోనే దాచుకోవచ్చు. ఏ గదిలో నుంచైనా తీసి చూసుకోవచ్చు. లోపల రెండు డిస్కులుంటాయి, ఒకటి పోయినా ఇంకోటి కాపాడతాది" అని చెప్పాడు.

అంటే ఇంట్లో కంప్యూటర్లన్నింటికీ కలిపి ఒక ఉమ్మడి బీరువా అన్నమాట. మా నాయన దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నా వైపు తిరిగి, "ఇట్లాంటిదొకటి ఉందని నువ్వెప్పుడూ చెప్పలేదేందిరా, సారువి కదా" అన్నాడు. మా చెల్లెలు ముఖం తిప్పుకుని నవ్వింది. నా కడుపులో అప్పుడు అంటుకున్న మంట ఆ వేసవంతా ఆరలేదు.

అది చాలదన్నట్టు మా అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంది. మా అమ్మ సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. మా ఇంట్లో విలువైన వస్తువు ఏదైనా సరే ముసుగు లేకుండా ఉండటానికి వీల్లేదు. టీవీకి ముసుగు, మిక్సీకి ముసుగు, ఫ్రిజ్జు నెత్తిన కుచ్చుల గుడ్డ, ఆఖరికి గ్యాసుబండకు కూడా లంగాలాంటిది ఒకటి ఉండేది. కొత్త వస్తువు ఇంట్లోకి వచ్చిన వారంలోపు దానికి బట్టలు కుట్టకపోతే ఆమెకు నిద్ర పట్టదు. బావ డబ్బాకు ఆమె ఊదారంగు మఖమలు గుడ్డ తీసింది. అక్క పెళ్ళికి మండపంలో దిండ్లకు కుట్టగా మిగిలిన గుడ్డ అది. అంచుకు జరీ లేసు కుట్టింది. డబ్బాకు తొడిగి, హాల్లో అద్దాల షోకేసులో, నాయనకు పంచాయతీలో వచ్చిన షీల్డును పక్కకు జరిపి మరీ పెట్టింది. వేడి ఎక్కడ చేరుతుందో, గాలి ఎందుకు ఆడాలో నేను ఇన్‌స్టిట్యూట్‌లో రోజూ పాఠం చెప్పేవాణ్ణి. అయినా ఆ ముసుగును చూసినప్పుడు నాకు ఆ పాఠంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. దాని జరీ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఇక నేనూ ఒకటి తయారుచేయాల్సిందే అనుకున్నాను. కొనే స్తోమత లేదు కాబట్టి, ఇన్‌స్టిట్యూట్‌లో మూల పడేసిన ముసలి కంప్యూటర్ ఒకదాన్ని మా సారును బతిమాలి తెచ్చుకున్నాను. దాని పక్క తలుపు ఎప్పుడో పోయింది, లోపలి పేగులన్నీ బయటికే కనిపిస్తాయి. ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను, చెడిపోయిన కంప్యూటర్లలోంచి పీకిన డిస్కులు పెట్టాను. అదురు తగ్గాలని నాయన షెడ్డు నుంచి మందపాటి పలకరాయి తెచ్చి కింద వేశాను. మేడ మీది నుంచి కిందికి వైరు లాగాలి కదా, పిట్టగోడ మీది నుంచి దించి, పెరట్లో దండెం వెంట కట్టుకుంటూ వచ్చాను (మర్నాడే మా అమ్మ దాని మీద నాయన పంచె ఆరేసింది, ఆ పూట నెట్‌వర్క్ లేదు). అన్నీ కలిపి స్విచ్ వేస్తే, ఆ యంత్రం గుర్రుమని, దగ్గి, కాసేపు ఆలోచించి, చివరికి పని చేసింది. చెల్లెలి ల్యాప్‌టాప్‌లో అక్క పెళ్ళి ఫొటో తెరుచుకున్న క్షణంలో నా అంతవాడు నల్లమల ఇవతల లేడనిపించింది.

"అమ్మా, దీనికీ ఒక ముసుగు కుట్టు" అన్నాను.

"దానికెందుకురా, తలుపే లేదు" అంది మా అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ. నా డబ్బాకు బీరువా కింద చోటు చూపించింది. పొద్దున్నే ఊడ్చేటప్పుడు చీపురు దాని లోపలికి కూడా పోయి వచ్చేది.

రెండూ ఒకే పని చేస్తుంటే కరెంటు దండగని మా నాయన తీర్పు చెప్పాడు. "కొన్నాళ్ళు రెండూ నడవనీ. ఏది నిలబడితే అది షోకేసులో ఉంటాది, ఇంకోటి అటక మీదికి పోతాది" అన్నాడు. అలా అంటూ చూసింది మాత్రం బీరువా కిందికే. ఆ పూట మా ఇంటికి వచ్చి ఉన్న బావ నవ్వి, "అట్లనే మామా. బామ్మర్దీ, నా దాంట్లోవన్నీ నీ దాంట్లోకి కూడా ఎక్కించుకో, రెండు చోట్ల ఉంటే మంచిది" అన్నాడు. నా చేతికి తానే వైరు అందించాడు. నేను ఎక్కించుకున్నాను గానీ, అంత మంచితనం నాకు ఏమాత్రం నచ్చలేదు. అక్క మొగుడు కాబట్టి ఊరుకున్నాను.

ఎండాకాలం ముదిరాక ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కాబావలతో పాటు బావవాళ్ళ అమ్మానాన్నలు కూడా గిద్దలూరు నుంచి వచ్చారు. ఆల్బంలోకి ఫొటోలు ఎంచాలి, పెళ్ళి వీడియో చూడాలి. త్రిపురాంతకం నుంచి వచ్చిన మా మేనత్త కూడా చాప మీద ముందు వరుసలో కూర్చుంది. బయట రోడ్డు మీద తారు మెత్తబడేంత ఎండ. అల్లుడుగారి డబ్బాలోంచి టీవీలోకి వీడియో వస్తోంది. ఎదురుకోలు అయింది, జీలకర్రా బెల్లం అయింది, పంతులుగారు మంగళసూత్రం అందరికీ చూపించి బావ చేతికి ఇచ్చారు. బావ లేచి నిలబడి, అక్క మెడ దగ్గరికి చేతులు తెచ్చాడు. అక్కడ బొమ్మ ఆగిపోయింది. తర్వాత తెర నల్లబడింది.

"తాళి కట్టకముందే ఆగిందేందమ్మా" అంది బావ వాళ్ళమ్మ. ఆమె గొంతులో నిజంగానే భయం ఉంది. అక్క చెయ్యి దానంతట అదే మెడలోకి పోయి తాళిబొట్టును తడుముకుంది. మా మేనత్త, "ఎట్లయినా ఆ ముడులు పడేది చూపించండ్రా, సగంలో ఆపగూడదు" అంది. బావ షోకేసు తెరిచి, ముసుగు ఎత్తి డబ్బాను ముట్టుకుని వేలు ఊదుకున్నాడు. "పెనం మాదిరి కాలతా ఉంది" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం నేను చెప్పకపోయినా మీకు అర్థమయ్యే ఉంటుంది. ఎవరూ "వాణ్ణి పిలవండి" అనకముందే లేచాను. బీరువా కింది నా ముసలిదాని నుంచి వీడియో తెరిచి, సరిగ్గా అదే చోటు నుంచి నడిపించాను. బాజాలు మోగాయి, బావ ముడులు వేశాడు. చాప మీదున్న మా మేనత్త రెండు చేతులూ ఎత్తి, లేని అక్షింతలు టీవీ మీద చల్లింది. బావ వాళ్ళమ్మ గుండెల మీద చెయ్యి తీసి, "బంగారంలాంటి పని చేసినావు నాయనా" అంది. మా నాయన లేచి షోకేసులో చోటు ఖాళీ చేశాడు.

మజ్జిగ తాగుతూ బావను పక్కకు పిలిచి అడిగాను. "నెట్‌వర్కుల పని చేసేవాడివి కదా బావా, అంత గుడ్డ తొడిగితే వేడెక్కుతాదని తెలీదా?"

"తెలుసు బామ్మర్దీ. అత్తమ్మ అంత ప్రేమగా కుడితే ఎట్ల తీసేది?" అన్నాడు.

ఆ మాటకు నాకు ఇంకా మండింది. మిగిలిన మజ్జిగ ఒక్క గుక్కలో తాగేశాను.

ఇక్కడితో ఆగిపోతే నేను గెలిచినవాణ్ణి. నా ముసలి డబ్బా పలకరాయితో సహా షోకేసులో కూర్చుంది, అల్లుడుగారిది అటకెక్కింది. కానీ దాని ఊదారంగు ముసుగు ఉతికి, మడతపెట్టి, ట్రంకు పెట్టెలో అమ్మ పట్టుచీరల మధ్య దాచడం నేను చూశాను. అల్లుడి డబ్బా ఓడిపోయాక కూడా దాని ముసుగుకు ఆ మర్యాద ఏమిటో నాకు అంతుపట్టలేదు. నాలుగు రోజులు ఓపిక పట్టి, నా దానికీ ముసుగు కుట్టమని మళ్ళీ అమ్మను అడిగాను.

"దాని పాణం తీసింది ముసుగే కదరా, అందరం చూస్తిమి" అంది ఆమె.

"అది సున్నితం అమ్మా. నాది మొరటుది, తట్టుకుంటాది. అయినా దీనికి తలుపు లేదు కదా, గాలి బాగా ఆడతాది" అన్నాను (సారును కదా, కారణాలకు కొదవ ఉండదు). పోరగా పోరగా అదే మఖమలులో మిగిలిన ముక్కలు అతికి ఒకటి కుట్టి ఇచ్చింది. లేసు అయిపోయిందంది. జరీ లేకపోయినా గుడ్డ అదే కదా అని సర్దుకుని, నా చేతులతో నేనే తొడిగి, ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపించాను.

వారం తిరగకుండా ఒక సాయంత్రం నాయన బిల్లు కొడుతుంటే షోకేసులోంచి గరగరమని చప్పుడు, వెనకే కమురు వాసన వచ్చాయి. తలుపు లేని వైపు నుంచి ముసుగు అంచు లోపలి ఫ్యానులోకి పోయి, చుట్టుకుని, బిగుసుకుంది. ఫ్యాను ఆగితే కంప్యూటర్ ఆగింది. నేను లాగితే గుడ్డ చిరిగింది గానీ యంత్రం మాత్రం లేవలేదు. పెళ్ళి, బిల్లులు, చెల్లెలి ప్రాజెక్టు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. మా నాయన కుర్చీలోంచి లేవకుండానే, "గిద్దలూరుకు ఫోన్ చెయ్" అన్నాడు. "వాణ్ణి పిలవండి" అన్నట్టే అన్నాడు, కాకపోతే ఆ వాడు ఇప్పుడు నేను కాదు.

బావ మర్నాడు పొద్దున బస్సుకే వచ్చాడు. ఒక్క ఎగతాళి మాట అనలేదు. అటక మీది డబ్బాను దించి దుమ్ము తుడిచి పెడితే అది చక్కగా వెలిగింది, చల్లబడ్డాక దానికి ఏ రోగమూ లేదు. నా ముసలిదాని డిస్కులకూ ఏమీ కాలేదు, బావ వాటిని తీసి ఇంకో పాత కంప్యూటర్లో అమర్చాడు. నాయన మళ్ళీ తీర్పు చెప్పబోతుంటే, "రెండూ ఉండనీ మామా. ఒకటి పడుకుంటే ఇంకోటి లేస్తాది, చూస్తిరి కదా" అన్నాడు. షోకేసు వద్దని, కిటికీ పక్కన నా పలకరాయి మీదే రెండింటినీ పక్కపక్కన పెట్టించాడు. ఆ రాయి బాగుందని మెచ్చుకున్నాడు కూడా. నేను ముసుగు చిరుగును మడతలో దాచుకుని నిలబడ్డాను.

ఆ డబ్బాలు రెండూ ఎప్పుడో పోయాయి. ఇప్పుడు నాకు సొంత కంప్యూటర్ షాపు ఉంది, నెత్తిన తెల్ల వెంట్రుకలూ ఉన్నాయి. పోయిన ఎండాకాలం పిల్లల ఫొటోల కోసం బావా నేనూ కలిసి కొత్త డబ్బాలు పెట్టుకున్నాం, మా ఇంట్లో ఒకటి, గిద్దలూరులో ఒకటి. బావది బిగించి ఇవ్వడానికి ముందు పరీక్ష కోసం రెండింటినీ మా ఇంట్లోనే నడిపాను. మా అమ్మకు ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడానికి నా కూతురు కావాలి. అయినా రెండింటికీ ముసుగులు కుట్టింది. ఈసారి గాలి ఆడాలని దోమతెర గుడ్డతో కుట్టింది. అల్లుడుగారి దానికి జరీ అంచు ఉంది, నాదానికి లేదు.

"ఇప్పుడు కూడా ఏందమ్మా ఇది?" అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి నా వైపు వింతగా చూసింది. "జరీ వచ్చిపోయేవాళ్ళకురా. నువ్వు ఇంట్లోవాడివి కదా" అంది.

అంత వేసవి మంటకు ఇంత చిన్న మాట సరిపోతుందని అప్పుడే తెలిసి ఉంటే ఎంత బాగుండేది. ఆమె వంటింట్లోకి వెళ్ళాక, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, ఆ జరీ ముసుగు తీసి నా డబ్బాకు తొడిగి చూశాను. నా డబ్బా ఎత్తు ఎక్కువ, ముసుగు పొట్టిదై సగం దాకానే వచ్చింది. మళ్ళీ తీసి, మడత నలగకుండా, బావ డబ్బాకే తొడిగేశాను.