సునీతక్క చెప్పిన డ్రాగన్ మాటలు

మా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్క మౌస్‌కి నలుగురు యజమానులుండేవాళ్ళు...

మేము పైన కిరాయికుండేవాళ్ళం, కింద ఓనర్లు. వాళ్ళది పోచంపల్లి వైపు, ఇక్కడ చీరల దుకాణం. వాళ్ళమ్మాయి సునీతక్క చదువుకని ముందు గదిలో కంప్యూటర్ పెట్టారు. దానికి పసుపు బొట్టు, పైన ఇక్కత్ ముక్కతో ముసుగు... దేవుడి గూడుకి కూడా అంత మర్యాద జరిగేది కాదు.

అక్క తమ్ముడు నరేష్ ఎక్కణ్ణుంచో ఒక ఆట సీడీ పట్టుకొచ్చాడు. నలుగురు జట్టుగా బయల్దేరి, అడవులూ ఏళ్ళూ దాటి, కొండ మీది డ్రాగన్‌ని చంపాలి. మేమూ సరిగ్గా నలుగురమే. కత్తి వీరుడు నరేష్‌ది, విలుకత్తె నాది, మంత్రగాడు మా తమ్ముడు కిశోర్‌ది. గాయాలు మాన్పే వైద్యురాలు అక్కది.

మా జట్టుకి ఒకటే కట్టుబాటు... ఎవరి మనిషిని వాళ్ళే నడపాలి. వంతు రాగానే మౌస్ చేతులు మారాలి. పక్కవాడి మనిషి చచ్చిపోతున్నా సరే, ముట్టుకోకూడదు. మాలో ఎవరైనా బాత్రూంకి వెళ్తే డ్రాగన్ కూడా ఆగాల్సిందే.

ఆటంతా ఇంగ్లీషు. మేం అక్షరాలు కూడబలుక్కునేలోపు తెర మారిపోయేది. అందుకని అక్కే చదివి చెప్పేది. ఏటి ఒడ్డున కూర్చున్న ముసలాయన దగ్గరికి వెళ్ళగానే ముగ్గురం తెర వదిలేసి అక్క మొహం చూసేవాళ్ళం.

"గా ముసలాయన ఏమంటుండంటే... ఈయన పడవ ఏట్ల కొట్టుకపోయిందంట. దానికి బిడ్డ పేరు పెట్టుకున్నడంట. అది దొరికేదాక గీడికెళ్లి లేవడంట."

కిశోర్ కళ్ళు తుడుచుకునేవాడు. నాకైతే ఒళ్ళు జలదరించేది. ఇంత లోకం ఈ చిన్న పెట్టెలో ఎలా పట్టిందా అని మానిటర్ వెనక్కి వెళ్ళి చూసేదాన్ని... దుమ్మూ వైర్లూ ఉండేవి.

పదో తరగతి అయిపోగానే అక్కని ఇంటర్‌కి వనస్థలిపురంలో హాస్టల్లో వేశారు. దూరమెంతని? సిటీ బస్సెక్కితే వచ్చేస్తుంది. కానీ హాస్టల్ హాస్టలే, సెలవులిస్తేనే ఇల్లు.

ఇక మా తెలివి తెల్లారినట్టే ఉంది చూడండి. అక్క లేదు కాబట్టి అక్క మనిషిని ముట్టుకోకూడదు. వైద్యురాలిని ఊరి గేటు దగ్గర నిలబెట్టి ముగ్గురమే కొండెక్కాం. మందు రాసే దిక్కు లేదు. వెళ్ళడం, చావడం, మళ్ళీ వెళ్ళడం... నెలల తరబడి ఇదే పని. కిశోర్ ఓ రోజు ఉండబట్టలేక, "అక్క మనిషిని నేను నడుపుతాలే," అన్నాడు.

నరేష్ మౌస్ లాక్కున్నాడు. "అక్క ఒచ్చి అడిగితే ఏం చెప్తవ్ రా?"

దసరా సెలవులకి అక్క వచ్చింది. భుజాన బ్యాగు కూడా దించకుండా తెర ముందు నిలబడింది.

"నన్ను గీడ ఎందుకు నిలబెట్టిన్రు?"

"నువ్వు లేవు కదక్కా," అన్నాను.

అక్క బ్యాగు కింద పడేసింది. చున్నీతో ముక్కు తుడుచుకుని మౌస్ అందుకుంది.

ఆ రోజు డ్రాగన్ పడింది. రెక్కలు తెరంతా కప్పేస్తూ అది కూలుతుంటే మా నలుగురికీ ఊపిరాడలేదు. చివర్లో ఏదో గర్జించింది.

"ఏమంటుందక్కా?"

"'మీ మీద నాకు కోపం లేదు, ఆకలైంది గంతే' అంటుంది."

గెలిచి గంతులెయ్యాల్సిన వాళ్ళం, అన్నం సయించక పడుకున్నాం.

పెద్దయ్యాక అదే ఆట మళ్ళీ దొరికితే ఆడాను. ఏటి ఒడ్డున ముసలాయన చెప్పేది ఒక్కటే ముక్క... ఈ రోజు చేపలు లేవు, పో అని. డ్రాగన్ అసలు మాట్లాడనే మాట్లాడదు. మేం చూసిన లోకంలో సగం ఆటది కాదు, అక్కది. అంత చిన్న పిల్ల అదంతా అప్పటికప్పుడు ఎలా అల్లిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఈమధ్య అలాంటిదే కొత్త ఆట వచ్చింది. ఇందులోనూ నలుగురి జట్టే. మా నలుగురి వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ఎల్‌బీ నగర్‌లో మా ఇంట్లో కలిసి ఆడదాం రండని. నరేష్ అప్పటికే ఓ చెయ్యి వేసి చూశాడట. "ఏంది గీ ఆట? మన వంతు ఒచ్చేలోపు దిల్‌సుఖ్‌నగర్ల మెట్రో ఎక్కినోడు ఎల్‌బీ నగర్ల దిగుతడు," అన్నాడు. కిశోర్‌కి బొమ్మలు తెగ నచ్చాయి గానీ, ఆటలో తన మనిషి సంచీలో సామాన్లు సర్దుకోవడానికే పొద్దు పోతోందని విసుగు. నేనైతే అడవిలో వాన మొదలవగానే నలుగురూ చెట్టు కిందికి పరిగెత్తడం చూసి, ఆట ఆపి అలాగే కూర్చుండిపోయాను.

అక్క చదివింది. నీలం టిక్కులు పడ్డాయి... జవాబు లేదు. మిగతా ఇద్దరూ మెల్లగా జారుకునేలా ఉన్నారు. ఈసారి కలవకపోతే ఈ జట్టు ఇక కలవదని నాకు నిజంగానే భయమేసింది. ఏం రాయాలో తోచక, కొత్త ఆటలోని వైద్యురాలిని ఊరి గేటు దగ్గర నిలబెట్టి, ఫొటో తీసి గ్రూపులో వేశాను.

కాసేపటికి అక్క నుంచి వచ్చింది. "ఆదివారం ఒస్తున్న. నా మనిషిని ముట్టకుర్రి."

అందరూ వచ్చారు. ఈ ఆటలోనూ ఏటి ఒడ్డున ఓ ముసలమ్మ ఎదురైంది. అచ్చం మనిషిలాగే వణికే గొంతుతో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. అక్క కళ్ళజోడు సర్దుకుంది.

"జర ఆ సౌండ్ బంద్ చెయ్యి... గీ ముసలమ్మ ఏమంటుందంటే..."

నరేష్, కిశోర్, నేను... తెర వదిలేసి అక్క మొహం వైపు తిరిగాం. వాళ్ళిద్దరి తలలూ నెరిశాయని అప్పుడే గమనించాను.

పక్కనే కూర్చున్న మా అమ్మాయి ఊరుకుంటుందా! "ఆవిడ అలా అనలేదు పెద్దమ్మా, నేను విన్నాను."

"ఆగు బిడ్డా," అంది అక్క. "ఇంకా చెప్తనే ఉంది."

ఇప్పటి ఆటల్లో ముసలమ్మలూ డ్రాగన్లూ అందరూ వాళ్ళే మాట్లాడతారు, మనకి చెప్పేవాళ్ళ అవసరమే లేదు. ఆ రోజుల్లో మాకు ఇంగ్లీషు రాకపోవడం ఎంత అదృష్టమో... మీ జట్టులో కథ చెప్పిన మనిషి ఎవరు? ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉన్నారేమో, ఒక్కసారి పిలిచి చూడండి.